వంట మాస్టరు చూసిన అండమాన్

పొద్దున ఐదున్నరకు మా ఇంట్లో మొదట వినపడేది కత్తిపీట చప్పుడు. మా ఆయన రాజేశం వాకిట్లో గోనెసంచి పరుచుకుని, కత్తిపీటను కాలితో తొక్కిపట్టి చిక్కుడుకాయలు తరిగేవారు. పీచు తీయడం వరకే నా పని. తరగడం నాకు ఇచ్చేవారు కాదు. నేను తరిగితే ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది అవుతుందని, అట్లాంటివి ఒక్కతీరుగా ఉడకవని ఆయన పట్టుదల. చేయి కదులుతున్నంతసేపూ నోరు కూడా కదిలేది. అండమాన్ గురించి చెప్పేవారు. ఇప్పుడు నేనే తరుగుతున్నాను. ఒక్కదానికి గుప్పెడు కాయలు చాలు. ముక్కలు ఎట్లా పడితే అట్లా పడుతున్నాయి. ఉడికినవి తింటున్నాను, ఉడకనివి పళ్ళెం అంచుకు నెడుతున్నాను.

ఆయన పుట్టింది కోరుట్ల దగ్గర ఒక పల్లెలో. నన్ను చేసుకునేనాటికే నారాయణగూడ వైపు పెళ్ళి వంటల్లో పేరున్న చేయి. మాకు పిల్లలు కలగలేదు. చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీలో కిషన్ రావు గారి ఇంట్లో వెనక వైపు రెండు గదులు మావి. కిషన్ రావు గారు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన భార్య విద్యావతిని నేను విద్యక్క అంటాను.

2009 చివర్లో తెలంగాణ కోసం రోజు విడిచి రోజు బందులు జరిగేవి. పెళ్ళివాళ్ళు కూడా ఇంట్లోనే ఏదో వండుకుని కానిచ్చేవారు. చేతిలో పని లేని ఆ రోజుల్లో రామచంద్రరావు సారు కబురు పెట్టాడు. ఆయన మనుషులను యాత్రలకు తీసుకుపోతాడు. నారాయణగూడలో మెట్ల కింద ఒక గది ఆయన ఆఫీసు. మొదట్లో కాశీ, రామేశ్వరం తిప్పేవాడు. ఆ ఏడు అండమాన్ మొదలుపెట్టాడు. మనవాళ్ళు ఏ దీవికి పోయినా మధ్యాహ్నానికి పప్పు, పచ్చిపులుసు, పెరుగు లేకపోతే ఉండలేరని ఆయనకు బాగా తెలుసు. అందుకని ప్రయాణికుల కంటే ముందు వంటవాళ్ళను పంపేవాడు. ప్రయాణికులు విమానంలో మద్రాసు మీదుగా పోయి ఒక్క పూటలో దిగుతారు. మా ఆయన, గిన్నెలు తోమే ఎల్లవ్వ, బియ్యం మూటలు, గుండిగలు, చింతపండు డబ్బాలు మాత్రం మద్రాసు దాకా రైల్లో, అక్కడి నుంచి మూడు రోజులు ఓడలో. మొదటిసారి పోయినప్పుడు మూడు రోజులూ వాంతులేనట.

తిరిగొచ్చిన పూట నేనే అడిగాను.

"ఏమేం జూసిన్రు?"

చెప్పులు విడవబోతూ ఆగారు. "శానా ఉన్నయ్ అక్కడ."

"శానా అంటే ఎట్ల? చెప్పుండ్రి."

"జర నీళ్ళు తాగనియ్యే."

నీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టి, గోడకేసి చూసుకుంటూ చెప్పడం మొదలుపెట్టారు. రాధానగర్ ఒడ్డున నీళ్ళు మూడు రంగుల్లో ఉంటాయట. దగ్గర్లో మజ్జిగ తేటలాగా, కొంచెం లోపలికి పచ్చి చింతకాయ రంగు, ఇంకా పోతే వంకాయ నలుపు. బారాటాంగ్ అనే చోట నేల లోపలి నుంచి బురద పైకి వస్తుందట, జొన్న అంబలి ఉడికినట్టు బుడబుడమంటుందట. రాస్ దీవిలో దొరలు కట్టిన ఇళ్ళ గోడలను చెట్ల వేళ్ళు మింగేశాయట. జింకలు మనుషుల చేతుల్లో బిస్కెట్లు తింటాయట. జేబులోంచి ఇరవై రూపాయల నోటు తీసి వెనక్కి తిప్పి చూపించారు. అందులో కొబ్బరిచెట్లు, నీళ్ళు, దూరంగా దీపస్తంభం ఉన్నాయి. మౌంట్ హారియట్ కొండ మీద నిలబడితే అచ్చం ఇట్లనే కనపడుతుందని చెప్పారు. నేను నోటు దగ్గరికి పెట్టుకుని చూశాను. ఇన్నేళ్ళూ అట్లాంటి నోట్లు నా చేతుల్లోంచి ఎన్ని పోయాయో, ఒక్కసారీ వెనక్కి తిప్పి చూసింది లేదు.

ఆ తర్వాత మూడేళ్ళలో ఇంకో ఆరుసార్లు పోయొచ్చారు. వచ్చిన ప్రతిసారీ కొత్తది ఒకటి ఉండేది. సున్నపురాయి గుహలో పైనుంచి పాల చుక్కల్లాగా రాళ్ళు వేలాడడం, దొరల కాలపు జైలు గోడల మీద దీపాలు వేసి దాని కథ చెప్పడం, నీల్ దీవిలో సముద్రం తొలిచిన రాళ్ళ వంతెన. నేను హైదరాబాద్ దాటి చూసింది యాదగిరిగుట్ట, వేములవాడ. కానీ ఆయన తరుగుతూ చెబుతుంటే ఆ కొండ ఎక్కి దిగినట్టే ఉండేది. విన్నవన్నీ నేను విద్యక్కకు చెప్పేదాన్ని. కుళాయి దగ్గర ఇంకో నలుగురుంటే వాళ్ళకూ చెప్పేదాన్ని. మా ఆయన వంటవాడే కావచ్చు, కానీ మీ అందరి మొగుళ్ళకంటే ఎక్కువ లోకం చూశాడని నా మాటల అడుగున ఉండేది. వాళ్ళకు అది తెలిసేది కూడా.

"మా ఆయన ముప్పై అయిదేండ్లు గవర్నమెంటు నౌకరి చేసి యాడ దిరిగిండు కమలా," అనేది విద్యక్క. "స్కూటర్ మీద హిమాయత్‌నగర్ దాక పోయి గాలి మార్పు అంటడు."

చివరికి ఆ మాటలే పట్టుకుని విద్యక్క, కిషన్ రావు గారు 2013 జనవరి యాత్రకు డబ్బు కట్టారు. మా ఆయన ఓడకు బయలుదేరే ముందు రోజు కిషన్ రావు గారు కాగితం, పెన్ను పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నారు. ఏది ఎప్పుడు చూస్తే బాగుంటుందో అడిగి రాసుకున్నారు. మా ఆయన తల వంచుకుని తరుగుతూ జవాబు చెప్పారు.

"మరి ఆ నీల్ దీవిల రాళ్ళ వంతెన, మాస్టరూ?"

"ఎప్పుడు పోయినా మంచిదే సార్. తిని తాపీగ పొండ్రి."

వాళ్ళు పోయి వారం తిరక్కుండానే విమానంలో వచ్చేశారు. కిషన్ రావు గారి మోకాలికి పెద్ద కట్టు. ఆయనను లోపల పడుకోబెట్టి విద్యక్క నన్ను పిలిచింది. మా ఆయన అప్పటికి ఇంకా ఓడలోనే ఉన్నారు.

జరిగింది ఇది. ఆ వంతెన దగ్గరికి నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడే పోవాలట. మిగతా వాళ్ళందరూ పొద్దున్నే నీళ్ళు తగ్గిన వేళకు పోయొచ్చారు. కిషన్ రావు గారు మాత్రం, ఏడుసార్లు వచ్చిన మనిషి చెప్పాడు కదా అని, మధ్యాహ్నం తిని తాపీగా వెళ్ళారు. అప్పటికి నీళ్ళు ఎక్కివస్తున్నాయి. నాచు రాయి మీద కాలు జారింది. చేపలు పట్టేవాళ్ళు ఇద్దరు మోసుకొచ్చారు. పోర్ట్ బ్లేయర్ తిరిగి వచ్చాక ఆయన వంట షెడ్డు దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి, నువ్వు ఆ దీవికి ఎప్పుడు పోయినావు అని మా ఆయనను నిలదీశారు. పక్కనున్న రామచంద్రరావు సారే పలికాడు. "ఈడా? ఈడు మా షెడ్డు దాటి ఎప్పుడు బోయిండు సార్? పొద్దుగాల టిఫిను పొట్లాలు, మాపటికి వంట. సముద్రం ఓడల నుంచి జూసిందే, ఇంకేం జూడలే."

మీరంతా తిరిగొచ్చి అన్నం తింటూ మాట్లాడుకుంటే, వడ్డిస్తూ విని, అవే ఇంటికి వచ్చి పెళ్ళానికి చెప్పుకునేవాడని ఎల్లవ్వ ఆ రోజు అందరి ముందు అమాయకంగా చెప్పేసిందట.

"ఇది జూడు కమలా," అని విద్యక్క కెమెరా తీసింది. అందులో చిన్న సినిమా ఉంది. లాడ్జి హాలు, కుర్చీల్లో యాత్రికులు, ముందు వరసలో కట్టు కట్టిన మోకాలితో కిషన్ రావు గారు. రాత్రి భోజనాల తర్వాత వాళ్ళు తంబోలా ఆడుతారట, అంకెలు పిలిచే మైకు ఒకటి ఉంటుంది. ఆ మైకు రామచంద్రరావు సారు మా ఆయన చేతిలో పెట్టాడు. ఆయన రెండో చేతిలో గరిటె ఇంకా ఉంది, మెడ మీద చెమట తుడుచుకునే తువ్వాల.

"ఆ, మాస్టరు. మౌంట్ హారియట్ మీద నిలబడితే ఏం కనపడతది?" అన్నాడు రామచంద్రరావు సారు.

మా ఆయన మైకును నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నారు. "కొబ్బరిచెట్లు, సార్. దీపస్తంభం."

"నువ్వు జూసినవా?"

"లేదు, సార్."

"మరెవలు జూసిన్రు?"

"మీరే, సార్."

హాలంతా నవ్వారు. ఒక పెద్దామె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "మజ్జిగ తేట చెప్పు, మజ్జిగ తేట," అని విద్యక్క గొంతు కెమెరా వెనక నుంచి. ఆయన మజ్జిగ తేట కూడా చెప్పారు. నీళ్ళ మూడు రంగులూ మా వాకిట్లో చెప్పినట్టే, ఒక్క మాట తేడా లేకుండా చెప్పారు. ప్రతి మాటకూ చప్పట్లు కొట్టారు.

"ఇంక మస్తున్నది, జూడు," అంది విద్యక్క.

చివరిదాకా చూశాను. చూసి, "బాగుంది," అన్నాను.

నాలుగో రోజు ఆయన దిగారు. నేను నీళ్ళివ్వలేదు.

"చూసిన్రా, విన్నరా?"

ఆయనకు అర్థమైంది. సంచి అక్కడే పెట్టి దాని మీదే కూర్చున్నారు. "విన్న."

"మూడేండ్ల సంది?"

"నువ్వు అడిగినవు గదనే. మొదటిసారి వచ్చిన నాడు. ఏం జూడలే అంటే నీ మొకం ఎట్లయితదో అని."

"ఇప్పుడు నా మొకం ఎట్లున్నది?"

మర్నాటి నుంచి నేను కుళాయి దగ్గరికి పోవడం మానేశాను, తెల్లవారకముందే నీళ్ళు పట్టుకునేదాన్ని. పొద్దున ఆయన తరిగేవారు, నేను పీచు తీసేదాన్ని, మధ్యలో మాట ఉండేది కాదు. ఒకసారి ఆయన నోరు తెరిచి, "రాస్ దీవిల ఈసారి జింకలు," అన్నారు. నేను లేచి లోపలికి పోయాను. ఆ ఏడాదిలో ఇంకోసారి పోయొచ్చారు. ఏం చూశారని గానీ, తిన్నారా అని గానీ అడగలేదు. మనిషి చిక్కిపోతున్నాడని విద్యక్కే ఒకసారి అన్నది, నేను అనలేదు.

2014 జనవరిలో మళ్ళీ బయలుదేరుతూ గడపలో నిలబడ్డారు.

"ఈసారి నిజంగ ఒకటి జూసొస్త కమలా. నీకే చెప్త. జూసిందే చెప్త."

"జూస్తే ఎంత, జూడకుంటే ఎంత," అన్నాను.

ఫిబ్రవరి రెండో వారంలో, ఒక మధ్యాహ్నం వచ్చారు. అప్పుడు విద్యక్క మా గడపలో కూర్చుని నాతోపాటు కందికాయలు ఒలుస్తున్నది. ఆయన మొహం నల్లగా కమిలి ఉంది, కళ్ళు మాత్రం వేరేగా ఉన్నాయి. సంచి దించలేదు, చెప్పులు విడవలేదు.

"కమలా, జూసిన," అన్నారు. "చిడియాటాపు అని ఉన్నది. ఊరికి శానా దూరం. సూర్యుడు ఎర్రగ మునుగుతడని అందరు అంటరు గదా, గట్ల కాదే. ముందుగాల..."

"మైకు తేవాల్నా మాస్టరూ?" అంది విద్యక్క.

నేను నవ్వాను. నవ్వు వచ్చి నవ్వింది కాదు. ఏడాదిగా నన్ను చూసి నవ్విన మనిషి పక్కన కూర్చుని, ఈసారి ఆమెతో కలిసి నవ్వే వైపు ఉండాలనిపించింది. అంతటితో ఆగినా బాగుండేది. "ఈసారి ఎవలు జెప్పిన్రు?" అన్నాను. "పప్పు వడ్డిస్తుంటే విన్నరా, పులుసు వడ్డిస్తుంటే విన్నరా?"

విద్యక్క కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఒడిలోని కందులు కిందపడ్డాయి. ఆయన సంచి గోడవారగా దించారు.

"ఏం లేదులే," అని కాళ్ళు కడుక్కోవడానికి పోయారు.

ఆరు రోజుల తర్వాత గాంధీనగర్‌లో ఒకరింట్లో వ్రతానికి వంటకు పోయారు. పులిహోర కలుపుతూ కలుపుతూ పక్కకు ఒరిగారట, మళ్ళీ లేవలేదు. తెలంగాణ బిల్లు లోక్‌సభలో పాసైన రోజు అది. అశోక్ నగర్ హాస్టళ్ళలో పరీక్షలకు చదువుకునే పిల్లలందరూ రోడ్ల మీదికి వచ్చి గులాలు చల్లుకుంటున్నారు, టపాకాయలు కాలుస్తున్నారు. ఆయనను తెచ్చే బండికి, నడిచి వచ్చేంత దూరానికే గంట పట్టింది. బండి అద్దాల మీద, పైకప్పు మీద గులాబీ రంగు పొడి. లోపల ఎవరున్నారో చూసిన ఒక అమ్మాయి చప్పున చేతులు జోడించిందట. మిగతా వాళ్ళు చూడలేదు, డప్పుల ముందర ఎగురుతూనే ఉన్నారు. వాళ్ళను ఏమనగలను. వాళ్ళు ఎదురుచూసింది వాళ్ళకు దొరికిన రోజు అది.

పదకొండో రోజు రామచంద్రరావు సారు వచ్చాడు. బియ్యం సంచి ఒకటి తెచ్చి పెట్టాడు. మంచి మాటలే మాట్లాడాడు. లేస్తూ లేస్తూ అన్నాడు.

"మంచోడే గనీ అమ్మా, ఆఖరి ట్రిప్పుల నన్ను పరేషాన్ చేసిండు. సూర్యుడు మునుగుడు జూస్త అని వంట ఎల్లవ్వ మీద వదిలేసి పోయిండు. ముప్పై ఎనిమిది మంది ఖాళీ పళ్ళేల ముందర కూసున్నరు. గంటన్నర లేటు. నా ఇజ్జత్ పోయింది."

"పోయిన్రా?" అన్నాను.

"ఎవలు?"

"మా ఆయన. చిడియాటాపుకు."

"పోకేం. చిడియాటాపుల చాయ్ దుకాణమోడు ఫోను గూడ జేసిండు, మీ వంటాయన ఇక్కడ రాయి మీద కూసున్నడు, ఆఖరి బస్సు పోయిందని." చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట అన్నాడు. "ఉగాదికి ముందర ఇంకో గుంపు ఉన్నది. సాంబారు కారం నీ చేతిదే గదా పోయేది. మిరపకాయలు పంపిస్త. ఎండబెట్టి పట్టించు."

తలూపాను. ఆయన ఏమన్నాడో సరిగ్గా వినలేదు.

మర్నాడు అడిక్‌మెట్‌లో ఎల్లవ్వ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆమె గిన్నెలు కడుగుతూ ఉంది, నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది. అడక్కముందే ఏడ్చింది. ఆమె చెప్పింది ఇంత. మధ్యాహ్నానికే మా ఆయన పప్పు ఉడకబెట్టి, కూరలు తరిగిపెట్టి, బస్సెక్కి పోయారు. వచ్చేటప్పుడు బస్సు లేక చీకట్లో నడిచారు, సగం దారిలో ఒక లారీ దొరికింది. వచ్చేసరికి రామచంద్రరావు సారు ఆయనను హాలు గుమ్మం దగ్గర, అందరూ తిని లేచేదాకా చేతులు కట్టుకుని నిలబెట్టాడు. తర్వాత అన్ని పళ్ళేలూ ఆయనతోనే కడిగించాడు. ఎల్లవ్వను ముట్టనివ్వలేదు. అంతా అయ్యాక మైకు ఇచ్చాడు.

"పోయిన ఏడు కిషన్ రావు సార్ కాలు జారిన సంది, ప్రతి ట్రిప్పుల గదే ఆట వదినా," అంది ఎల్లవ్వ. "అన్నతోని అండమాన్ చెప్పించుడు. అన్న చెప్తుండె. నవ్వుతె నవ్వనియ్యి, నౌకరి ఉంటది గదా అంటుండె. ఆ రోజు మాత్రం మైకు వట్టుకొని నోరు దెరవలే. సూర్యుడు మునిగిండా మాస్టరూ అని అందరు ఒర్లుతున్నరు. మైకు బల్ల మీద వెట్టి వచ్చిండు."

"ఏం జూసిన్రో నీకు చెప్పిన్రా?"

"నేనడిగిన వదినా. నాకన్న చెప్పు అన్నా అని. ముందుగాల కమలకు చెప్పాలె, గామె ఇన్న తర్వాత నీకు చెప్త అన్నడు." ఎల్లవ్వ నా మొహంలోకి చూసింది. "నీకు చెప్పిండు గదా. ఎట్లుండెనట?"

చెప్పారని చెప్పాను. బాగుండెనట అని చెప్పాను.

అడిక్‌మెట్ నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాను. ఎర్రగా కాదట. ముందుగాల. ఆ రెండు ముక్కలే నా దగ్గర ఉన్నాయి. ముందుగాల ఏ రంగు, తర్వాత ఏ రంగు, ఏ కూరగాయతో పోల్చి చెప్పబోయారో. ఆయన పోలికలు ఆయనకే తడతాయి, నేను ఎంత ఆలోచించినా తట్టవు. ఒక సాయంత్రం ట్యాంక్‌బండ్ దాకా పోయి గట్టు మీద కూర్చున్నాను. నీళ్ళ అవతల బిల్డింగుల వెనక సూర్యుడు మునిగాడు. ఎర్రగానే మునిగాడు.

మిరపకాయలు మూడో రోజున వచ్చాయి, నిండు బస్తా. డాబా మీద పాత చీరలు పరిచి ఆరబోశాను. రెండు రోజులు మంచి ఎండ కాసింది. ఇంకో రోజు ఎండితే గిర్నీలో కారం పట్టించొచ్చు. మూడో రోజు మధ్యాహ్నం నుంచి గాలి మారింది. మార్కెట్ వైపు నుంచి దుమ్ము లేచింది, మబ్బు నల్లగా దిగింది. నేను మెట్ల కింద కూర్చుని ఉన్నాను. డాబా ఎక్కడానికి పద్నాలుగు మెట్లు.

"కమలా," అని విద్యక్క ముందు గదిలోంచి పిలిచింది. "వాన వచ్చేటట్టున్నది. మిరపకాయలు ఎత్తు."

ఆమె బయటికి వచ్చింది.

"నిన్నే. పడుకున్నవనుకున్న. పో, పో, తడుస్తయి."

"తెలుసక్కా."

"తెలుసు అనుకుంట కూసున్నవేంది? రామచంద్రరావు సార్‌వి గదా అవి. ఉగాది ట్రిప్పుకు గావాలె గదా ఆయనకు."

"ఆయనవే."

మొదటి చినుకులు రూపాయి బిళ్ళంత పడ్డాయి. విద్యక్క నా మొహం చూసి, డాబా వైపు చూసి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి రెండు మెట్లు ఎక్కింది. వడగళ్ళు మొదలయ్యాయి. తల మీద చెయ్యి పెట్టుకుని దిగిపోయింది.

"నీకేమయిందే కమలా," అంది. "లేస్తవా, లెవ్వవా?"

"లెవ్వనక్కా," అన్నాను. మెట్ల మీది నుంచి నీళ్ళు నా కాళ్ళ దాకా రావడం మొదలైంది. కాళ్ళు కొంచెం పక్కకు జరుపుకున్నాను.